మీకు సరిపోయే అకౌస్టిక్ గిటార్ వెతుక్కోవడం: మారేవి, మారనివి విడదీసి చూడండి

గిటార్ మార్చాలనుకుంటున్నా, ఏది తీసుకోమంటారు అని ఎవరడిగినా నేను తిరిగి అడిగేది ఒకటే, ఇప్పుడున్న దాంట్లో ఏం నచ్చట్లేదు అని. చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. సౌండ్ బాలేదంటారు, చేతికి కష్టంగా ఉందంటారు, అక్కడితో ఆగిపోతారు. ఆ కష్టం దేనివల్ల వస్తోందో తేల్చుకోకుండా షాపుల వెంట తిరిగితే ఏళ్ళు గడుస్తాయి, గిటార్లు మారతాయి, కష్టం మాత్రం అలాగే ఉంటుంది. నేను ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు ఇంట్లో వాయించుకునే మనిషిని, ప్రొఫెషనల్‌ని కాదు, కానీ ఈ వెతుకులాటలో చాలా కాలమే ఉన్నాను కాబట్టి పనికొచ్చిన సంగతులు రాస్తున్నా.

ముందుగా ఒక విషయం బుర్రలో పెట్టుకోండి. గిటార్‌లో కొన్ని తర్వాత మార్చుకోవచ్చు, కొన్ని ఎన్నటికీ మారవు. తీగలు, సాడిల్ (బాడీ మీద తీగలు కట్టే బ్రిడ్జ్‌లో, తీగలు ఆనే సన్నటి పట్టీ), నట్ (నెక్ పై చివర తీగలు కూర్చునే గాడులున్న పట్టీ), యాక్షన్ (అంటే ఫ్రెట్ల మీద, అదే నెక్ మీది లోహపు గీతల మీద, తీగ ఎంత ఎత్తులో ఉందనేది), ట్యూనింగ్ కీస్, పికప్ (సౌండ్‌ని స్పీకర్‌కి పంపేది), ఇవన్నీ మారేవి, ఓ మోస్తరు రిపేర్ పని తెలిసినవాళ్ళు ఒక పూటలో చేసిచ్చేస్తారు. బాడీ సైజు, స్కేల్ లెంగ్త్ (తీగ మోగే పొడవు), నెక్ వెడల్పు, నెక్ వెనకవైపు గుండ్రం, టాప్ చెక్క (బాడీ ముందు పలక), దాని కింద ఊతంగా ఉండే బ్రేసింగ్ కర్రలు, ఇవి మారవు. మధ్యలో నెక్ యాంగిల్ (నెక్ బాడీకి ఏ కోణంలో అతికిందనేది) ఒకటుంది, అది మార్చొచ్చు కానీ బోలెడు ఖర్చు. ఇక్కడ తమాషా ఏంటంటే షాపులో చేతిలోకి తీసుకున్న మొదటి ఐదు నిమిషాల్లో మనకి నచ్చడం నచ్చకపోవడం ఎక్కువగా మారే వాటివల్లే జరుగుతుంది, తుప్పు పట్టిన తీగలు, ఎత్తుగా ఉన్న యాక్షన్ ఇలాంటివాటి వల్ల, కానీ మనం డబ్బు పెట్టేది మాత్రం మారని వాటికి. అందుకే మంచి గిటార్లు చాలా వరకు షాపులోనే ఉండిపోతాయి, సెటప్ బాగున్న, అంటే ఆ మారేవన్నీ సరిగ్గా సర్దిపెట్టిన, మామూలు గిటార్లు ఇంటికొచ్చేస్తాయి.

సరే, షాపుకెళ్ళే ముందు చేయాల్సిన పని. ఒక వారం పాటు మీరు రోజూ వాయించేదంతా ఫోన్లో రికార్డ్ చేసి పెట్టుకోండి, ప్రత్యేకంగా ఏం వాయించకండి, మామూలుగా గిటార్ తీస్తే ఏం వాయిస్తారో అదే. తర్వాత ఒకరోజు కూర్చుని మొత్తం వినండి. ఫింగర్‌స్టైల్ (పిక్ లేకుండా వేళ్ళతో మీటడం) నా ప్రాణం అని చెప్పుకునేవాళ్ళ రికార్డింగ్ వింటే ముప్పాతిక భాగం ఓపెన్ కార్డ్స్ కొడుతూ పాడటమే ఉంటుంది, స్ట్రమ్మింగ్ (తీగలన్నీ కలిపి కొట్టడం) తప్ప ఏమీ రాదు అనుకునేవాళ్ళు వేళ్ళతోనే ఎక్కువ వాయిస్తుంటారు. పిక్ ఎంతసేపు, వేళ్ళు ఎంతసేపు, పాడతారా లేదా, కాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి ఉంచే క్లిప్) ఎక్కడ పెడతారు, ఐదో ఫ్రెట్ దాటి పైకి ఎన్నిసార్లు వెళ్తారు, సోఫాలో కూర్చుంటారా స్టూల్ మీదా, పక్కన ఇంకెవరైనా వాయిస్తారా, ఇవి ఒక కాగితం మీద రాసుకోండి. మీరు కొనాల్సింది ఆ కాగితం మీద ఉన్న మనిషికి, ఎప్పటికైనా అవ్వాలనుకునే మనిషికి కాదు.

ఇప్పుడు మారని వాటిలో మొదటిది, బాడీ. షాపుల్లో ఎక్కువగా కనపడేది డ్రెడ్‌నాట్. దాని పేరు 1906లో వచ్చిన బ్రిటిష్ యుద్ధనౌక పేరు, మార్టిన్ కంపెనీ 1916లో డిట్సన్ అనే వ్యాపారుల కోసం వాళ్ళ పేరు మీద తయారుచేసి, 1931 నుంచి తన సొంత పేరు మీద అమ్మింది. పేరుకి తగ్గట్టే పెద్దది, కింది భాగం సుమారు 15.6 అంగుళాల వెడల్పు, లోతు కూడా ఎక్కువ. పిక్‌తో గట్టిగా స్ట్రమ్ చేస్తే బేస్ నిండుగా వస్తుంది, నలుగురిలో వాయించినా వినపడుతుంది. ఇంకోవైపు ఓఎమ్ (ఆర్కెస్ట్రా మోడల్), 000 లాంటి సైజులున్నాయి, కింది భాగం 15 అంగుళాలు, అంటే వెడల్పులో పెద్ద తేడా లేదనిపిస్తుంది కానీ నడుము సన్నం, లోతు తక్కువ, ఒళ్ళో పెట్టుకుంటే ఆ తేడా వెంటనే తెలుస్తుంది. ఓఎమ్ 1929లో వచ్చింది, బాంజో వాయించే పెర్రీ బెక్టెల్ అడిగితే బాడీకి బయట 14 ఫ్రెట్లు ఉండేలా చేశారు, ఇవాళ చాలా గిటార్లకి అదే పద్ధతి. ఇంకా చిన్నవి 00, పార్లర్. ఇంకా పెద్దది జంబో, 17 అంగుళాలదాకా వెళ్తుంది. మధ్యలో గ్రాండ్ ఆడిటోరియం, టేలర్ కంపెనీ 1994లో తెచ్చింది, కొంచెం స్ట్రమ్మింగ్ కొంచెం ఫింగర్‌స్టైల్ అనేవాళ్ళకి బాగా సరిపోతుంది.

సైజు ఎంచుకోడానికి చెవికంటే ముందు భుజాన్ని అడగండి. ఇంట్లో ఎలా కూర్చుంటారో షాపులో కూడా అలాగే కూర్చుని కనీసం పావుగంట వాయించండి, నిలబడి నాలుగు కార్డ్స్ కొట్టి లేచిపోతే ఏం తెలీదు. కుడి చెయ్యి బాడీ మీదుగా తీగల దాకా వచ్చేటప్పుడు భుజం పైకి లేస్తోందా, మోచేతి లోపలివైపు అంచు గుచ్చుకుంటోందా, ఫ్రెట్‌బోర్డ్ చూడ్డానికి మెడ ముందుకి వంచుతున్నారా గమనించండి. పావుగంటకే భుజం లేస్తే రెండేళ్ళకి మీరు గిటార్ తీయడమే తగ్గించేస్తారు, ఎందుకు తగ్గిందో కూడా మీకు తెలీదు. నాకు డ్రెడ్‌నాట్ సౌండ్ అంటే చాలా ఇష్టం, ఇప్పటికీ ఎవరైనా వాయిస్తుంటే ఆగి వింటా, కానీ నేను సోఫాలో కూర్చుని వేళ్ళతో వాయిస్తా కాబట్టి ఆ కాగితం మీద ఓఎమ్ అనే రాసి ఉంది, దాంతో వాదించి లాభం లేదు. పాడేవాళ్ళు ఇంకోటి కూడా చూడాలి, కింది స్థాయి గొంతు ఉన్నవాళ్ళకి పెద్ద బాడీ బేస్ గొంతుకి అడ్డం పడొచ్చు, కాబట్టి షాపులో సిగ్గుపడకుండా పాడి చూడండి, మెల్లిగానైనా సరే.

తర్వాత నెక్. నట్ దగ్గర వెడల్పు స్టీల్ స్ట్రింగ్ గిటార్లలో ఎక్కువగా రెండు రకాలు, సుమారు 43 మిల్లీమీటర్లు, 44.5 మిల్లీమీటర్లు. ఒకటిన్నర మిల్లీమీటర్ తేడా ఏముందిలే అనుకుంటాం కానీ ఆరు తీగల మధ్య పంచుకుంటే వేళ్ళు వెంటనే కనిపెడతాయి. ఓపెన్ సీ కార్డ్ పట్టుకుని ఒక్కో తీగ విడివిడిగా మీటండి, ఏదైనా తీగ పక్క వేలికి తగిలి మూగబోతుంటే వెడల్పు చాలట్లేదన్నమాట, లావు వేళ్ళున్నవాళ్ళకి, ఫింగర్‌స్టైల్ వాళ్ళకి 44.5 హాయి. బొటనవేలు పైనుంచి తిప్పి ఆరో తీగ నొక్కే అలవాటున్నవాళ్ళకి, బార్ కార్డ్స్ ఎక్కువ పట్టేవాళ్ళకి 43 సుఖంగా ఉంటుంది. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ అయితే 52 దాకా ఉంటుంది, అది పూర్తిగా వేరే లోకం. నెక్ వెనక గుండ్రం గురించి కొలతలతో చెప్పడం కష్టం, మొదటి ఫ్రెట్ దగ్గర ఎఫ్ కార్డ్ పట్టుకుని ఒక నిమిషం అలాగే ఉంచండి, బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైతే ఆ నెక్ మీది కాదు.

స్కేల్ లెంగ్త్ అంటే నట్ నుంచి సాడిల్ దాకా తీగ మోగే పొడవు. మార్టిన్ డ్రెడ్‌నాట్‌లో 25.4 అంగుళాలు, అదే కంపెనీ 000లో 24.9. అదే తీగ, అదే శృతి అయితే టెన్షన్ పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది, అంటే ఈ అర అంగుళానికి సుమారు నాలుగు శాతం తగ్గుతుంది. తగ్గితే నొక్కడం తేలిక, బెండ్ చేయడం తేలిక, కానీ గట్టిగా కొడితే తీగ కొంచెం వదులుగా అనిపించొచ్చు. షార్ట్ స్కేల్ గిటార్ చుట్టుపక్కల దొరక్కపోతే ఒక చిట్కా, మీ దగ్గరున్న గిటార్‌నే అర స్వరం కిందకి దించి మొదటి ఫ్రెట్ మీద కాపో పెట్టండి, శృతి మామూలుగానే ఉంటుంది కానీ టెన్షన్ పదకొండు శాతం దాకా తగ్గుతుంది, తీగ పొడవు 24 అంగుళాల దగ్గరికొస్తుంది. కొన్ని రోజులు అలాగే వాయించండి. చేతికి హాయిగా ఉంటే మీకు షార్ట్ స్కేల్ సరిపడుతుందన్నమాట, లేదూ తీగలు సాగిపోతున్నట్టు చిరాగ్గా ఉంటే లాంగ్ స్కేల్‌తోనే ఉండండి.

చెక్క విషయానికొస్తే జనం ఇక్కడే ఎక్కువ కాలం ఇరుక్కుంటారు, కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. టాప్ ముఖ్యం, వెనక చెక్క గురించి అంత నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. టాప్ సాలిడ్ అయితే, అంటే పొరలు అతికించింది కాకుండా ఒకే చెక్క పలక అయితే, సౌండ్ తేడా వినపడుతుంది. కనిపెట్టడం తేలికే, సౌండ్‌హోల్ అంచు చూడండి, పైనున్న చార గీతలు అంచు మీదుగా కిందకి తిన్నగా దిగితే సాలిడ్, మధ్యలో అడ్డంగా పొర కనపడితే లామినేట్. కొన్నిటికి ఆ అంచు మీద రంగేసి ఉంటుంది, అప్పుడు స్పెసిఫికేషన్ చదవాల్సిందే. స్ప్రూస్ టాప్ గట్టిగా కొట్టినా తట్టుకుంటుంది, ఇంకా వాల్యూమ్ ఇస్తుంది. సీడార్ మెత్తగా తాకినా పలుకుతుంది, వేళ్ళతో వాయించేవాళ్ళకి బాగుంటుంది, గట్టి స్ట్రమ్మింగ్‌కి మాత్రం ఒక హద్దు దాటాక సౌండ్ పెరగకుండా ముద్దగా అయిపోతుంది. మహోగనీ టాప్ పొడిగా, కొంచెం లోపలికి ఉన్నట్టు వినిపిస్తుంది, పాటకి పక్కవాద్యంగా నాకిష్టం.

వెనకాల రోజ్‌వుడ్డా మహోగనీయా అని రాత్రుళ్ళు చర్చించేవాళ్ళకి రెండు సంగతులు. స్పెయిన్‌లో ఆంటోనియో దె టోర్రెస్ 1862లో వెనక, పక్కలు కాగితపు గుజ్జుతో ఒక గిటార్ చేశాడు, సౌండ్ అంతా టాప్‌లోనే ఉందని చూపించడానికి. ఇంకోటి 2018లో ఇంగ్లండ్‌లో లాంకాస్టర్ యూనివర్సిటీ వాళ్ళు ప్రచురించిన పరీక్ష, వెనక, పక్కల చెక్క తప్ప మిగతాదంతా ఒకేలా ఉన్న ఆరు గిటార్లు చేయించి, ఏ చెక్కో కనపడకుండా 52 మంది గిటారిస్టులకిచ్చి వాయించమన్నారు. ఖరీదైన బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కీ చవక చెక్కలకీ వాళ్ళిచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చెక్క వల్ల అస్సలు తేడా రాదని నేననట్లేదు, కానీ ఆ తేడా మీ ఎఫ్ కార్డ్ నొప్పికంటే, మీ భుజంకంటే చాలా చిన్నది. పాత గిటార్ వేరే దేశం నుంచి తెప్పించుకునేవాళ్ళు మాత్రం వెనకున్నది బ్రెజిలియన్ రోజ్‌వుడ్డేమో చూసుకోండి, 1992 నుంచి సైటీస్ ఒప్పందంలో (అంతరించిపోయే ప్రమాదమున్న జంతువులు, మొక్కల వ్యాపారం మీద దేశాల మధ్య ఉన్న ఒప్పందం) అది అన్నిటికంటే కఠినమైన జాబితాలో ఉంది, కాగితాల్లేకుండా సరిహద్దు దాటదు. మిగతా రోజ్‌వుడ్‌లకి 2017లో అలాంటి ఇబ్బందే వచ్చింది కానీ 2019 చివర్లో తయారైన వాయిద్యాలకి మినహాయింపు ఇచ్చేశారు.

షాపుకెళ్ళేటప్పుడు మీ సొంత పిక్, కాపో, క్లిప్ ట్యూనర్, మిల్లీమీటర్లున్న చిన్న స్టీల్ స్కేల్, ఫోన్ టార్చి, ఇంతే సరంజామా. గిటార్ తీసుకోగానే ట్యూన్ చేయండి, షాపులో ఉన్నవాళ్ళు ట్యూన్ చేసిందే అన్నా సరే మీరు మళ్ళీ చేయండి, కీస్ ఎలా తిరుగుతున్నాయో కూడా అప్పుడే తెలుస్తుంది. తీగల మీద వేలు రాయండి, గరుగ్గా తగిలి వేలికి నలుపంటితే ఆ గిటార్ సౌండ్ గురించి ఇవాళ ఏ తీర్పూ చెప్పొద్దు. కొనే ఉద్దేశం గట్టిగా ఉంటే తీగలు మార్చమని అడగండి, కావాలంటే తీగల డబ్బులు మీరే ఇస్తామనండి. అది కుదరకపోతే కనీసం పోల్చి చూసే రెండు గిటార్ల తీగలూ ఒకే వయసువి, ఒకే మందంవి అని చూసుకోండి, 12-53 సెట్ (అన్నిటికంటే సన్న తీగ, లావు తీగ మందాలు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఉన్నదాన్నీ 10-47 ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి ఇది నిండుగా ఉంది అది పల్చగా ఉంది అంటే మీరు పోల్చింది తీగల్ని.

ఇక ముందు నట్. షాపులో గిటార్ కష్టంగా ఉందని వదిలేసేవాళ్ళలో చాలామంది నిజానికి నట్ మీద కోపం గిటార్ మీద చూపిస్తున్నారు. తీగని రెండో ఫ్రెట్‌కీ మూడో ఫ్రెట్‌కీ మధ్య నొక్కి పట్టుకుని మొదటి ఫ్రెట్ పైన చూడండి, తీగకీ ఫ్రెట్‌కీ మధ్య వెంట్రుకవాసి సందు ఉంటే చాలు, అంతకంటే బాగా ఎక్కువుంటే నట్ మీది గాడుల లోతు చాలలేదన్నమాట. ఇంకో పరీక్ష, ఎఫ్ కార్డ్ పట్టి చూసి, తర్వాత మొదటి ఫ్రెట్ మీద కాపో పెట్టి అదే ఆకారాన్ని ఒక ఫ్రెట్ పైకి జరిపి పట్టండి. కాపోతో ఒక్కసారిగా తేలికైపోతే దోషం నట్‌ది, అది మారే జాబితాలోది, కాబట్టి ఆ గిటార్‌ని పక్కన పెట్టకండి.

తర్వాత యాక్షన్. 12వ ఫ్రెట్ మీద స్కేల్ నిలబెట్టి ఫ్రెట్ పైనుంచి తీగ కింది అంచు దాకా కొలవండి. ఆరో తీగ దగ్గర 2.4, ఒకటో తీగ దగ్గర 1.6 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే చాలామందికి బాగుంటుంది, గట్టిగా కొట్టేవాళ్ళకి కొంచెం ఎక్కువ, మెత్తగా వాయించేవాళ్ళకి కొంచెం తక్కువ. ఎక్కువుంటే సాడిల్ అరగదీసి తగ్గించొచ్చు, కానీ ఇక్కడ లెక్క ఉంది, 12వ ఫ్రెట్ దగ్గర ఎంత తగ్గాలో దానికి రెట్టింపు సాడిల్ దగ్గర తగ్గించాలి. ఉదాహరణకి ఆరో తీగ 3.2 ఉంది, మీకు 2.4 కావాలి, 0.8 తగ్గాలంటే సాడిల్ 1.6 తగ్గాలి. ఇప్పుడు బ్రిడ్జ్ పైన సాడిల్ ఎంత కనపడుతోందో చూడండి. నాలుగు మిల్లీమీటర్లు కనపడితే హాయిగా తగ్గించుకోవచ్చు. రెండే కనపడితే అరగదీశాక మిగిలేది 0.4, తీగ సాడిల్ మీద సరిగ్గా ఒత్తిడి పెట్టదు, సౌండ్ పోతుంది. అంటే అసలు సమస్య నెక్ యాంగిల్‌లో ఉంది, దాన్ని సరిచేయాలంటే నెక్ ఊడదీసి మళ్ళీ పెట్టాలి. బోల్ట్‌తో బిగించిన నెక్ అయితే కొంత నయం, డవ్‌టెయిల్ జాయింట్ (చెక్కలో చెక్క దూర్చి జిగురుతో అతికించింది) అయితే ఆవిరితో జిగురు వదిలించి తీయాలి, అది పెద్ద పని. యాక్షన్ ఎత్తు, సాడిల్ పొట్టి, ఈ రెండూ కలిసి కనపడితే ఎంత తియ్యగా పలుకుతున్నా ఆ గిటార్ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

నెక్ ఒంపు కూడా ఒకసారి చూడాలి. మొదటి ఫ్రెట్ మీద కాపో పెట్టి, నెక్ బాడీని కలిసే చోట ఆరో తీగ నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూడండి, 0.2 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే బాగున్నట్టు. ఎక్కువ తక్కువలున్నా ట్రస్ రాడ్‌తో (నెక్ లోపల ఉండే లోహపు కడ్డీ) సర్దొచ్చు, భయం లేదు, కానీ ట్రస్ రాడ్ యాక్షన్ తగ్గించే మీట కాదు, అది ఒంపు కోసమే. ప్రతి తీగ ప్రతి ఫ్రెట్ 12 దాకా ఒక్కొక్కటీ మీటుతూ వెళ్ళండి, విసుగనిపించినా మానకండి, ఏదో ఒక్క చోట బజ్ (తీగ ఫ్రెట్‌కి తగిలి జుయ్‌మనడం) వస్తే ఆ ఫ్రెట్ అరిగిందో, బాడీ వైపున్న పక్కది లేచిందో. నెక్ అంచుల వెంట చెయ్యి రాస్తే ఫ్రెట్ చివరలు గుచ్చుకుంటుంటే ఆ గిటార్ పొడి గాలిలో ఎండిందని అర్థం, అప్పుడు టార్చి వేసి టాప్ మీద పగుళ్ళున్నాయేమో, బ్రిడ్జ్ వెనక అంచు కింద కాగితం దూరుతోందేమో చూడండి. 12వ ఫ్రెట్ హార్మోనిక్ (తీగని నొక్కకుండా అక్కడ వేలితో తాకి మీటితే వచ్చే స్వరం), అదే ఫ్రెట్ నొక్కిన స్వరం ట్యూనర్‌లో కలవాలి, కలవకపోతే తీగలు పాతవి కూడా అయ్యుండొచ్చు కాబట్టి దాని మీద మాత్రం తొందరపడొద్దు.

ఇంత కొలతల తర్వాత వినడం. ముందు చాలా మెత్తగా వాయించండి. షాపులో అందరూ గట్టిగా కొట్టి చూస్తారు, గట్టిగా కొడితే ఎక్కువ సౌండొచ్చేదే మంచిదనిపిస్తుంది, అది చెవి చేసే మోసం. మెత్తగా మీటినప్పుడు స్వరం నిండుగా ఉందా, మెల్లిగా పెంచుకుంటూ పోతే రంగు మారుతోందా, ఒక హద్దు తర్వాత పెరగడం ఆగిపోయిందా చూడండి. ఒక కార్డ్ కొట్టి వదిలేసి చివరిదాకా వినండి, ఆరు తీగలూ కలిసి చస్తున్నాయా, బేస్ మిగిలి మిగతావి ముందే పోతున్నాయా తెలుస్తుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్ జీ, దాని చుట్టుపక్కల స్వరాలు విడిగా వినండి, డ్రెడ్‌నాట్ లాంటి పెద్ద గిటార్లలో బాడీ లోపలి గాలి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఆ జీ 98 హెర్ట్జ్, అందుకే అక్కడ ఒక్క స్వరం మాత్రం గుమ్మని లేచి టక్కున పడిపోతుంటుంది. కొంచెం అన్ని గిటార్లలోనూ ఉంటుంది, మీరు వాయించే పాటల్లో అది ప్రతిసారీ అడ్డొస్తుందా అన్నదే ప్రశ్న.

గిటార్ వాయించేవాడికి సగమే వినిపిస్తుంది, మిగతా సగం ముందుకి పోతుంది. కాబట్టి ఎవరినైనా తోడు తీసుకెళ్ళి వాళ్ళు వాయిస్తుంటే ఎదురుగా కూర్చుని వినండి, వెనక్కి తిరిగి కళ్ళు మూసుకుని వింటే ఇంకా మంచిది, హెడ్‌స్టాక్ (నెక్ చివర కీస్ ఉండే భాగం) మీద పేరు కనపడకపోతే చెవి చాలా నిజాయితీగా పనిచేస్తుంది. ఎవరూ లేకపోతే గోడకి ఎదురుగా దగ్గరగా కూర్చుని వాయించండి, కొంత తిరిగొస్తుంది. ఒకే ముక్క, ఒకే పిక్, ఫోన్ ఒకే దూరంలో పెట్టి రికార్డ్ చేసుకోండి. ఒక రోజుకి మూడు నాలుగు గిటార్లు మించకండి, తర్వాత చెవి అలిసిపోయి అన్నీ ఒకేలా వినిపిస్తాయి, అప్పుడు మనం ఫినిష్ చూసి, పొదుగుడు పని చూసి కొనేస్తాం. నచ్చింది దొరికినా ఆ రోజు ఇంటికొచ్చేయండి, వేరే రోజు, చేతులూ మనసూ వేరేలా ఉన్నప్పుడు మళ్ళీ వెళ్ళి వాయించండి. ఈలోపు ఎవరో కొనేసుకుంటారేమో అన్న భయం ఉంటుంది నిజమే, ఫ్యాక్టరీలో వరసగా తయారయ్యే మోడల్ అయితే ఇంకోటొస్తుంది. చేత్తో చేసిన ఒక్కగానొక్క గిటార్ అయితే మాత్రం ఈ నియమం పక్కన పెట్టి కొంచెం అడ్వాన్స్ ఇచ్చి రండి.

సెకండ్ హ్యాండ్ అయితే ఫోటోలు అడిగే విధానం ముఖ్యం. అందంగా తీసిన ముందువైపు ఫోటో దేనికీ పనికిరాదు. పక్కనుంచి సాడిల్ ఎత్తు కనపడేలా ఒకటి, 12వ ఫ్రెట్ దగ్గర స్కేల్ పెట్టి ఒకటి, బ్రిడ్జ్ వెనక వెలుతురు పడేలా ఒకటి, హెడ్‌స్టాక్ నెక్‌ని కలిసే చోట వెనకవైపు ఒకటి (ఒకసారి విరిగి అతికించారేమో అక్కడే తెలుస్తుంది), లోపల లేబుల్ లేదా సీరియల్ నంబర్ ఒకటి, ఇవి అడగండి. ఇవ్వడానికి విసుక్కుంటే వదిలేయండి. ఆన్‌లైన్‌లో కొత్తది కొనేవాళ్ళు వెనక్కి తీసుకుంటారా, ఎన్ని రోజుల్లో, రవాణా ఖర్చు ఎవరిది, ఇవి ముందే చదువుకోండి, వచ్చిన రోజే పైన చెప్పిన పరీక్షలన్నీ చేసేయండి.

ఇంటికొచ్చాక మొదటి పని సెటప్ చేయించడం, రెండో పని తీగలు. 12-53 లైట్ సెట్ చాలా గిటార్లకి ఫ్యాక్టరీ నుంచి వచ్చేది, 11-52 వేస్తే చేతికి తేలిక, చిన్న బాడీలకి బాగానే ఉంటుంది. 80/20 బ్రాంజ్ తీగలు మెరుపుగా, ఫాస్ఫర్ బ్రాంజ్ కొంచెం వెచ్చగా పలుకుతాయి. గిటార్ బాగా కీచుమంటోంది అనిపిస్తే అమ్మేసే ముందు ఫాస్ఫర్ వేసి చూడండి, మందంగా ఉందనిపిస్తే 80/20 వేసి చూడండి, పిక్ మందం కూడా మార్చి చూడండి, నా అనుభవంలో సగం అసంతృప్తి అక్కడే తీరిపోతుంది. గదిలో చిన్న హైగ్రోమీటర్ పెట్టుకుని తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంచడానికి చూడండి, సాలిడ్ చెక్క గిటార్లకి ఇది మరీ ముఖ్యం, కుదరని పరిస్థితి ఉంటే, ఎప్పుడూ ప్రయాణాల్లో ఉండేవాళ్ళయితే, వెనకా పక్కలూ లామినేట్ ఉన్న గిటార్ తీసుకోవడం తెలివైన పనే, దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు.

వెతుకులాట ఎక్కడ ఆపాలి అంటే నా లెక్క ఇది. మారని జాబితాలో, అంటే బాడీ, నెక్, స్కేల్, టాప్, వీటిలో మీకు ఏ ఫిర్యాదూ లేకపోతే ఆపేయండి, మిగిలిన ఫిర్యాదులన్నీ రిపేర్ బల్ల మీద తీరేవే. మారని వాటిలో ఒక్క ఫిర్యాదున్నా, అది ఎంత చిన్నదైనా, సర్దుకుపోదాంలే అనుకోకండి, అది రోజూ చేతికి తగులుతూనే ఉంటుంది. ఇంతకంటే మంచిది ఎక్కడో ఉండే ఉంటుంది అనే ఆలోచన మాత్రం ఏ గిటార్ కొన్నా పోదు, కొన్ని నెలలు రివ్యూ వీడియోలు చూడ్డం మానేస్తే దానంతటదే సద్దుమణుగుతుంది.

పాత గిటార్‌ని వెంటనే అమ్మకండి. కొత్తది ఒక పొడి కాలం, ఒక తేమ కాలం దాటే దాకా రెండూ ఉంచండి. సెటప్ అయిన రోజు 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ, ఒకటో తీగ ఎత్తు, ఏడో ఫ్రెట్ సందు, సాడిల్ ఎత్తు, ఆ రోజు గదిలో తేమ, ఈ అంకెలన్నీ ఒక చీటీ మీద రాసి కేస్‌లో పెట్టండి. కాలం మారినప్పుడల్లా మళ్ళీ కొలవండి. తేమ పెరిగితే టాప్ కొంచెం ఉబ్బి యాక్షన్ పైకి రావడం, ఎండితే కిందకి దిగడం మామూలే, తేమ మళ్ళీ పాత స్థాయికి వచ్చినప్పుడు అంకెలు కూడా వెనక్కి రావాలి. తేమ ఒకేలా ఉన్నా ఎత్తు మాత్రం ప్రతిసారీ పెరుగుతూ పోతుంటే నెక్ కదులుతోందన్నమాట, వారంటీ కాగితం, ఆ చీటీ రెండూ పట్టుకుని కొన్నచోటికే తీసుకెళ్ళండి.